బందరు బాట, మూడు పట్టణములు

రేవుపట్టణముల చరిత్ర వ్రాయువారు సాధారణముగ సముద్రమువైపు చూచి వ్రాయుదురు. ఏ దేశపు ఓడలు వచ్చినవి, ఏ వర్తకసంఘములు వర్తకశాలలు నిర్మించినవి, ఏ తుపానున ఎంత నష్టము కలిగినది అను విషయములే అందు ప్రధానముగ కనిపించును. కాని రేవునకు రెండు ముఖములు కలవు. ఒకటి కడలివైపునకు, రెండవది దేశాభ్యంతరమువైపునకు. ఓడ నెక్కు సరుకు ఎచ్చటనో పండినది, ఎవరో నేసినది, ఏదో యొక బాటవెంట ఎడ్లపై నడచివచ్చినది. ఆ బాట పొడవునను వెలసిన ఊళ్ల చరిత్ర తెలియనిదే రేవు చరిత్ర పూర్తి కానేరదు.

మచిలీపట్టణమునకు, అనగా బందరునకు, వాయవ్యముగ సుమారు 200 కిలోమీటర్ల దూరమున సూర్యాపేట కలదు. ఆ దారిలో దానికంటె ముందు కోదాడ వచ్చును. సూర్యాపేటకు దక్షిణ దిక్కున మిర్యాలగూడ కలదు. 2011 జనాభా లెక్కల నాటికి సూర్యాపేట, మిర్యాలగూడ ఒక్కొక్కటి లక్షకు మించిన జనము గల పట్టణములు. కోదాడ జనసంఖ్య 60,000కు పైబడినది. ఈ మూడింటిలో దేనికిని సముద్రము లేదు. అయినను వీని జనము, ఆర్థికవ్యవస్థ, స్వభావము తీరముతోడి సంబంధమువలననే చాలవరకు రూపొందినవని నా యభిప్రాయము. ఆ సంబంధము సూర్యాపేటకు బాటగా, కోదాడకు పొలిమేరగా, మిర్యాలగూడకు నీరుగా సంక్రమించినది. ఈ విషయమును విచారించునపుడు మరియొక ప్రశ్న తప్పక ఎదురగును. ఈ రాకపోకలవలన పుట్టిన సంపద ఎవరికి చేరినది?

కృష్ణకు ఉత్తరమున, మూసీ పాలేరుల పరీవాహములలో నున్న ఈ భూభాగము చెల్కనేలలును నల్లరేగడియు కలసినది. వర్షము తక్కువ. పూర్వము చెరువు లేనిదే వరి లేదు. నేల స్వభావమునుబట్టి ఇచ్చటివారు మెట్టపంటలపై ఆధారపడి, ఉప్పువంటి నిత్యావసరములకై తీరమువైపు చూడవలసినవారైరి. ఈ చూపు మిక్కిలి ప్రాచీనమైనది. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరికొండపై 1940 దశకమునను, మరల 2001 తరువాతను జరిగిన త్రవ్వకములలో స్తూపము, చైత్యములు, విహారములు, బ్రాహ్మీలిపి శాసనములు బయల్పడినవి. ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని 18వ పాలనవర్షపు శాసనము వానిలో ముఖ్యమైనది. ఫణిగిరి సున్నపురాతి శిల్పములకు కృష్ణాతీరమందలి అమరావతి, నాగార్జునకొండల శిల్పములతో గల చుట్టరికము చూచినంతనే తెలియును. నల్లగొండ ప్రాంతమున అక్కెనపల్లి వంటి చోట్ల రోమను నాణెముల నిధులు దొరకుటయు గమనింపదగినది. తీరమున దిగిన విదేశధనము మెట్టభూమిలోనికి ఎంతదూరము నడచివచ్చెనో ఆ నాణెములే చెప్పుచున్నవి.

కాకతీయుల కాలమున ఈ సంబంధము రాజ్యాశ్రయమును పొందినది. సూర్యాపేటకు అతి సమీపమున నున్న పిల్లలమఱ్ఱి కాకతి సామంతులగు రేచర్ల రెడ్ల స్థానము. అచ్చటి దేవాలయములలో 1195, 1208 సంవత్సరముల శాసనములు కలవు. రేచర్లవారు గుడి కట్టినచోట చెరువును త్రవ్వించిరి. గుడికి భూమి నిచ్చిరి. చెరువు ఆ భూమిని పండించినది. గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిరేవున అభయశాసనము వేయించి, తుపానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును రాజులు అపహరించు పూర్వపు ఆచారమును మాన్పి, సుంకము మాత్రమే గ్రహింతునని వర్తకులకు మాట యిచ్చెను. ఈ రెండు విధముల శాసనములను వేరువేరుగ చదువుట మనకు అలవాటు. కాని వీనిని ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. లోపల చెరువుక్రింద పండిన మిగులు లేనిదే రేవున సుంకము లేదు. రేవున వర్తకునకు అభయము లేనిదే లోపలి మిగులునకు వెల లేదు. ఈ రెండింటిని కలిపినవి పెరికయెడ్లు. గోనెసంచులను ఎడ్లపై వైచి ధాన్యమును ఉప్పును మోసిన వారి వృత్తియే పెరికవారను కులనామమై నేటికిని ఈ ప్రాంతమున నిలిచియున్నది.

గోలకొండ రాజ్యకాలమున బందరు ఆ రాజ్యమునకు ప్రధానమైన రేవు. 17వ శతాబ్ది తొలి దశకమున డచ్చివారును, 1611న ఆంగ్లేయులును అచ్చట వర్తకశాలలు స్థాపించిరి. రాజధానినుండి రేవునకు పోవు మార్గమున మజిలీలను ఫ్రెంచి రత్నవర్తకుడగు టావెర్నియే క్రోసుల లెక్కతో వ్రాసియుంచినాడు. ఆ పట్టికలోని పేర్లలో పానగల్లును, నాగులపాడును పరిశోధకులు గుర్తించిరి. కొల్లూరు వజ్రపుగనులకు పోవు దారిలో అతడు పేర్కొన్న మరియొక మజిలీ మేళ్లచెరువు. నాగులపాడు సూర్యాపేటకు కొలదిదూరముననే యున్నది. మేళ్లచెరువు కోదాడకు దక్షిణమున, కృష్ణ కీవలియొడ్డున నున్నది. అనగా ఐరోపా దేశీయులు బందరు నెరిగిన కాలముననే ఈ మెట్టయూళ్ల పేర్లును వారి గ్రంథముల కెక్కినవి. డచ్చివారు నీలిమందు కొరకును వస్త్రముల కొరకును నేటి ఖమ్మము జిల్లాలోని నాగులవంచలో వర్తకశాలను నెలకొల్పుటనుబట్టి, రేవు వర్తకులు సరుకునకై ఎంత లోపలికి చొచ్చివచ్చిరో తెలియుచున్నది.

ఊరి పేరునందలి ‘పేట’ యను మాటయు ఇచ్చట విచార్యము. అంగళ్లు, వర్తకులు, మజిలీలు గల చోటికి మన భాషలో పేట యను వ్యవహారము కలదు. సూర్యాపేటకు భానుపురియను సంస్కృతనామము కలదు. గౌరవమునకు భానుపురి, వ్యవహారమునకు పేట. ఈ రెండవ పేరే పట్టణ స్వభావమునకు తగియున్నది. అది కోటచుట్టును పెరిగిన ఊరు గాదు. క్షేత్రముచుట్టును పెరిగిన ఊరును గాదు. నేడు హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ సంఖ్య జాతీయరహదారిపై ఇంచుమించు సగముదారిలో నుండుటచే, బస్సులు నిలిచి ప్రయాణికులు భోజనము చేయు తావుగ అది సుపరిచితము. ఎడ్లకు నీరుపెట్టిన మజిలీ బస్సులు నిలుపు మజిలీ యైనది.

ఈ బాటపై సరుకు మోసినవారిలో పెరికవారితోపాటు బంజారాలు, అనగా లంబాడీలు, ముఖ్యులు. సర్కారుతీరమున ఉప్పు నెత్తికొని దక్కనునకు చేరవేయుట, తిరుగుదారిలో ధాన్యమును ప్రత్తిని తీరమునకు తెచ్చుట వారి వృత్తి. వేలకొలది ఎడ్లు ఒక బిడారుగ నడచెడివి. బాట చరిత్రలో రాజుల పేర్లు, వర్తకుల పేర్లు నిలిచినవి. మోసినవారి పేర్లు నిలువలేదు. వారి చరిత్రకు మిగిలిన ఆధారము వారి తండాలే. మిర్యాలగూడ, దామరచర్ల ప్రాంతములలో నేడు కనిపించు తండాలు ఆ బిడారుల వారసులవి.

17వ శతాబ్ది చివరనుండి ఈ బాట క్రమముగ క్షీణించినది. 1687న గోలకొండ మొగలాయిల వశమయ్యెను. 1766, 1768 సంవత్సరముల సంధులచే ఉత్తరసర్కారులు ఆంగ్లేయులకు దక్కుటతో రేవొక ప్రభుత్వమునకును, దాని వెనుకటి భూమి మరియొక ప్రభుత్వమునకును చెందినవి. 1802 నాటి వర్తకపుటొడంబడికయందు బందరురేవును స్వేచ్ఛగ వాడుకొను హక్కును నిజాము పొందినను, బాటపై సుంకపుగోడ లేచియే యుండెను. 1805న మద్రాసు ప్రభుత్వము ఉప్పును తన గుత్తాధికారమున చేర్చుకొనెను. 1864 నవంబరు 1వ తేదీ తుపానున బందరులో సుమారు 30,000 మంది మరణించిరి. తుదకు నిజాము రైలుమార్గము వరంగల్లు, ఖమ్మముల మీదుగ 1889న బెజవాడ చేరెను. రైలు తూర్పుగ పోవుటచే సూర్యాపేట బాట ప్రక్కనబడెను. ఆ పట్టణమునకు నేటికిని రైలుస్టేషను లేదు. ఎడ్లబిడారుల వృత్తి నశించి, నడచుట మానిన లంబాడీలు నేలకూలీలుగ, మెట్టసేద్యగాండ్రుగ మారిరి. తుపాను బందరును ఒక్క రాత్రిలో కొట్టినది; దాని బాటను రైలు నెమ్మదిగ, చప్పుడు లేకుండ కొట్టినది.

బాట క్షీణించినను పొలిమేర మిగిలినది. కోదాడ స్వభావము ఈ పొలిమేరనుండియే పుట్టినది. ఆవల ఆంగ్లేయుల కృష్ణాజిల్లా. ఈవల నిజాము రాజ్యము. ఆవల కల్దారు రూపాయి, ఈవల హాలీసిక్కా. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. సరుకు గీటు దాటినచో కరోడ్గిరి నాకావద్ద సుంకము చెల్లింపవలెను. ఆవల కరణము, మునసబు. ఈవల పట్వారీ, పటేలు. లెక్కలు వ్రాయువాడొకడే, చేయు పని యొకటే, పేరుమాత్రము మారినది. రైతునకు దానివలన కలిగిన భేదము శిస్తు ఏ నాణెమున చెల్లింపవలెనన్నంతవరకే యని తోచును.

ఈ పొలిమేర సరళమైన గీత కాదు. సూర్యాపేటకును కోదాడకును నడుమ, నాలుగు వైపులను నిజాము భూమి ఆవరించియుండగా, మునగాల పరగణా ఆంగ్లేయుల ఏలుబడిలో కృష్ణాజిల్లా నందిగామ తాలూకాకు చెందియుండెను. మెట్టభూమి నడుమ తీరప్రాంతపు ద్వీపమువలె నున్న ఆ పరగణా 1956 తరువాతనే నల్లగొండ జిల్లాలో చేరినది. తెలుగు సారస్వతచరిత్రలో దాని స్థానము మన మెరిగినదే. మునగాల రాజాగారగు నాయని వేంకటరంగారావుగారి ప్రోత్సాహమున, వారి దివానగు కొమర్రాజు లక్ష్మణరావుగారి దీక్షచే 1901న హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1906న విజ్ఞానచంద్రికామండలియు వెలసినవి. తీరమున లభించిన అచ్చును, పత్రికను, చదువును నిజాము రాజ్యమునకు చేర్చిన వంతెనలలో మునగాల ముఖ్యమైనది. నందిగామ తాలూకాలో జన్మించి బాల్యమున సూర్యాపేటలో మేనమామల యింట పెరిగిన మాడపాటి హనుమంతరావుగారు తరువాత ఆంధ్రోద్యమమునకు నాయకులైరి. వారి జీవితమును ఈ బాటమీదనే ఆరంభమైనది.

అయితే ఆ మునగాలలోనే 1930 దశకమున జమీందారీ పద్ధతిపై రైతులు తిరుగబడిరి. భాషానిలయమునకు ఖర్చయిన ధనము ఏ పొలములనుండి వచ్చినదను ప్రశ్న సాహిత్యచరిత్రకారులకు కష్టమైనదే. దాత యొక్క ఔదార్యమును తగ్గింపక, శిస్తు కట్టినవాని శ్రమను మరువక రెండింటిని ఒకే పుటలో వ్రాయుట చరిత్రకారుని ధర్మము.

నిజాము ఏలుబడిలోని గ్రామములలో స్థితి ఇంతకంటె కఠినమైనది. దేశముఖుల చేతిలో భూమి కుప్పపడియుండెను. సూర్యాపేట తాలూకాలోని ఎర్రపహాడు దొరల భూమి లక్ష యెకరములకు మించినదని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున పేర్కొనిరి. వెట్టిచాకిరి సర్వసామాన్యము. 1941న హుజూర్‌నగర్ ప్రాంతమందలి చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగినది. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగపోరాటమునకు సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు కేంద్రములైనవి. భీమిరెడ్డి నరసింహారెడ్డి, వారి సోదరి మల్లు స్వరాజ్యము ఈ నేలనుండి వచ్చినవారే. పొలిమేర ఇచ్చట మరల పని చేసినది. గీటు దాటినచో అచ్చుయంత్రము, శిబిరము, ఆశ్రయము దొరకెడివి. 1948 సెప్టెంబరున భారతసైన్యము విజయవాడ దిక్కునుండి కోదాడ, మునగాలల మీదుగ సూర్యాపేట చేరినదియు ఈ బాటవెంటనే. వెనుకకు తగ్గిన నిజాము సేన మూసీ వంతెనను కూల్చినది. ఉప్పు నడచిన దారిని పుస్తకము నడచినది. పుస్తకము నడచిన దారిని సేన నడచినది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటతో పొలిమేర చెరగెను. అంతకు ఒక యేడాది ముందు, 1955 డిసెంబరు 10న, నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. లాల్‌బహదూరు కాలువయని పేరొందిన ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల స్వరూపమును మార్చివైచినది. సూర్యాపేట సమీపమున మూసీపై కట్టిన జలాశయము 1963 నాటికి పూర్తియైనది. ఆముదము, జొన్న పండిన చెల్కలు మాగాణులైనవి. పూర్వము సరుకు తీరమునకు పోయెడిది. ఇప్పుడు తీరపు సేద్యమే మెట్టకు వచ్చినది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఆయకట్టున భూములు కొని, వరిసాగునందు తరతరముల అనుభవమును వెంట తెచ్చిరి. వారి వెనుక బియ్యపుమిల్లులు వచ్చినవి. మిర్యాలగూడ నేడు తెలంగాణమునందు బియ్యపుమిల్లులకు పేరెన్నికగన్న పట్టణము. బీబీనగరమునుండి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగ నడికుడికి పోవు రైలుమార్గము ఆ బియ్యమునకు దూరదేశపు సంతలను దగ్గర చేసినది.

ఈ మార్పును అభివృద్ధియని చెప్పుట న్యాయమే. అంతటితో ఆగుట న్యాయము కాదు. నీటి విలువ ముందుగ తెలిసినవాడు కొన్నాడు; తెలియనివాడో అప్పులపాలైనవాడో అమ్మినాడు. తన తండ్రి అమ్మిన పొలమున తానే నాట్లకు పోయిన కూలివాని దృష్టిలో కాలువ చరిత్ర వేరు. మరియొకవైపు, పరాయిచోట బీడును మాగాణిగ మార్చి రెండు తరములుగ స్థిరపడిన రైతు దృష్టియు వేరు. 1969 నాటి ఉద్యమమునందును, 2014కు ముందటి ఉద్యమమునందును వినబడిన నీళ్లు, నిధులు, నియామకములను మాటలలో మొదటిదానికి ఇచ్చట పొలముగట్టుమీదనే అర్థము కలదు. ఈ రెండు దృష్టులలో ఒకదానిని మాత్రమే వినిన చరిత్ర ఫిర్యాదుపత్రమో, అభినందనపత్రమో అగును.

పట్టణస్వభావమును తెలిసికొనుటకు వ్యవసాయపు మార్కెట్టును మించిన తావు లేదు. సూర్యాపేట మార్కెట్టునందు ధాన్యపురాసుల నడుమ అడ్తిదారు, ఖరీదుదారు, తూకము వేయు దడ్వాయి, బస్తా మోయు హమాలీ, చాటతో చెరిగెడి చాటకూలి స్త్రీ ఒక్కచోట కనిపింతురు. ఈ వృత్తినామములలో పారసీ, అరబ్బీ మూలముల పదములును, శుద్ధమైన తెలుగుమాటలును కలసియుండుట భాషాపరిశోధకులు గమనింపవలెను. కోదాడ అంగడిలో ‘వచ్చిండు’, ‘వచ్చాడు’ అను రెండు రూపములును వినబడును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962న వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము చూపిన దారిలో, కాలువ వచ్చిన తరువాత ఈ ప్రాంతపు సేద్యపుమాటలలో కలిగిన మార్పును సేకరించుట మంచి పరిశోధనాంశము.

ఆర్థికజీవనము ఎంత మారినను జనుల కూడిక పూర్వపు మార్గములనే అనుసరించుచున్నది. సూర్యాపేట దాపున దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి మాఘమాసమున జరుగు లింగమంతుల స్వామి జాతరకు గొల్లలు లక్షలుగ వత్తురు. ఆ దినములలో రహదారిపై వాహనములను వేరుదారికి మళ్లింతురు. వర్తకుల బాట కొన్నినాళ్లు పశువులకాపరుల వశమగును. జాన్‌పహాడు దర్గా ఉర్సునకు హిందువులు, మహమ్మదీయులు కూడి వత్తురు. మూసీ కృష్ణలు కలియు వాడపల్లిలో అగస్త్యేశ్వరుని సేవింప నదికి ఇరువైపుల జనమును చేరుదురు. పొలిమేర ప్రభుత్వములకేగాని మ్రొక్కుబడులకు లేదు.

ఇటీవలి దశాబ్దములలో మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతపు సున్నపురాయి సిమెంటు కర్మాగారములను రప్పించినది. దామరచర్ల మండలమున 2015న శంకుస్థాపన జరిగిన 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము నిర్మింపబడినది. మేళ్లచెరువునకు ఆవలియొడ్డునగల కొల్లూరుగనులు పులిచింతల జలాశయమున మునిగినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటతో కోదాడ మరల పొలిమేరపట్టణమైనది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లాకేంద్రమై కోదాడ దానిలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. 1956నకు పూర్వము వలె నాణెములు రెండు లేవు, కరోడ్గిరి లేదు. కాని కృష్ణాజలముల పంపకమున పొలిమేర మరల బరువెక్కినది.

పై విచారణవలన తేలిన సారాంశమిది. తీరాంధ్రము, తెలంగాణము అను విభాగమును మనము భూగోళసత్యముగ భావించుట అలవాటైనది. ఈ మూడు పట్టణముల చరిత్ర ఆ విభాగము ప్రభుత్వములచే గీయబడి, చెరపబడి, మరల గీయబడినదని చూపుచున్నది. గీత క్రిందను మీదను బాట సాగుచునే యున్నది. అయితే కలయిక మాత్రమే న్యాయమును కలిగింపదనియు ఈ చరిత్రయే చెప్పుచున్నది. ఉప్పు మోసిన లంబాడీకి ఉప్పువర్తకమున వాటా రాలేదు. మునగాల రైతునకు గ్రంథమాలలో పేరు రాలేదు. చెల్క నమ్మిన చిన్నరైతునకు కాలువనీటి ఫలము దక్కలేదు. ప్రతి పర్యాయమును బాట తెచ్చిన సంపద, దాని రాకను ముందుగ తెలిసినవానివద్దనే నిలిచినది.

2023న బందరున నూతనరేవు నిర్మాణపు పనులు ఆరంభమైనవి. అది పూర్తియైననాడు ఈ మెట్టభూమి బియ్యము, సిమెంటు, ప్రత్తి మరల ఆ బాటనే తీరమునకు కదలవచ్చును. అప్పుడు రేవు చరిత్ర వ్రాయబూనువారు ఒడ్డున నిలిచి ఓడలను లెక్కించుటతో తృప్తిపడక, సూర్యాపేట మార్కెట్టునకు వచ్చి బస్తా మోయువాని ఊరు, పేరు అడిగి వ్రాసికొందురుగాక. మార్కెట్టు లెక్కలు, కరణముల దస్తరములు, తండాలలోని వృద్ధుల జ్ఞాపకములు ఇంకను అందుబాటులో నున్నవి. పరిశోధకవిద్యార్థులు ఈ పనికి పూనుకొన్నచో, పూర్వపు బాటచరిత్రలో లోపించిన మోసినవారి పేర్లు ఈసారియైనను మిగులును.